యేషూవ యేసైన దారి

*హీబ్రూ ఇళ్లలో పుట్టిన పేర్లు గ్రీకులోకి ఎలా చేరాయి? వాటిని దాటించింది ఎవరు? ఓ రాతిపెట్టె, ఓ మనవడి ముందుమాట, ఓ తల్లి దాచుకున్న కోర్టు కాగితాలు చెబుతున్న కథ ఇది.*

1990 నవంబరు. జెరూసలేంలోని ‘శాంతి వనం’లో వాటర్ పార్కు పనులు సాగుతున్నాయి. తవ్వుతుండగా ఓ చోట నేల కుంగి, కింద ఉన్న గుహ కప్పు విరిగిపడింది. కబురు అందుకున్న పురావస్తు శాఖవారు వచ్చి లోపలికి దిగారు. రాతిని తొలిచి చేసిన కుటుంబ సమాధి అది. లోపల 12 సున్నపురాతి పెట్టెలు ఉన్నాయి. మొదటి శతాబ్దపు జెరూసలేంలో మనిషి పోతే శవాన్ని రాతిగదిలో పడుకోబెట్టేవారు. ఏడాది తిరిగాక మిగిలిన ఎముకలను ఏరి ఇలాంటి పెట్టెలో భద్రపరిచేవారు.

ఆ పన్నెండింటిలో ఒకటి కళ్లు తిప్పుకోనివ్వదు. ముందువైపు రెండు పెద్ద వలయాలు, వాటి నిండా శ్రద్ధగా చెక్కిన పూలు. పక్కవైపున మాత్రం ఎవరో మేకులాంటి మొనతో వంకరటింకరగా గీకిన అక్షరాలు: యెహోసెఫ్ బర్ ఖయఫా. లోపల ఆరుగురి ఎముకలు ఉన్నాయి. వారిలో ఒకరు సుమారు అరవై ఏళ్ల పురుషుడు. క్రీ.శ. 18 నుంచి 36 వరకు ప్రధాన యాజకుడిగా ఉండి, యేసును విచారించిన కయప ఇతడేనని చాలామంది పండితుల నమ్మకం. కొందరికి సందేహాలూ ఉన్నాయి.

ఆ సందేహాలకు కారణం అక్షరాలే. నాటి యూదుల లిపిలో హల్లులే రాసేవారు. అచ్చులను చదివేవాడే నోటితో పూరించుకోవాలి. పైగా ‘య’, ‘వ’ రెండూ ఇంచుమించు ఒకే గీతలా కనిపిస్తాయి. ఖయఫా అని చదవొచ్చు, ఖోఫా అనీ చదవొచ్చు. చిక్కు విప్పడానికి సాయపడింది గ్రీకు. సువార్తలు ఆ యాజకుణ్ని ‘కయాఫాస్’ అన్నాయి. యూదు చరిత్రకారుడు జోసెఫస్ తన గ్రీకు గ్రంథంలో, కయాఫాస్ అని పిలిచే ఇతడి సొంత పేరు యోసేపు అని రాశాడు. జెరూసలేం పెట్టె మీది పేరును మనం నోరారా పలకగలుగుతున్నామంటే ఆ పేరును పరాయి లిపిలో రాసి పెట్టినవాళ్ల చలవే.

ఇప్పుడెందుకీ చర్చ?

క్రిస్మస్ దగ్గరపడే కొద్దీ ఏటా ఫోన్లలో ఒక వాదన తిరుగుతుంటుంది. ‘యేసు అన్నది అసలు పేరు కాదు, యెషువా అనే పిలవాలి. గ్రీకులు పేరు మార్చేశారు’ అని. ఇంకొందరు మరో అడుగు ముందుకేసి, ఆ గ్రీకు పేరు వాళ్ల దేవుడు జియస్ పేరు నుంచి పుట్టిందంటారు. జీవితాంతం ‘యేసయ్యా’ అని పిలుచుకున్న పెద్దలు, ఇన్నాళ్లూ తప్పు పేరుతో ప్రార్థించామా అని బాధపడుతుంటారు.

వాళ్ల బాధకు చరిత్ర దగ్గర సమాధానం ఉంది. హీబ్రూ పేర్లను గ్రీకులోకి దాటించింది యూదులే. అదీ క్రైస్తవం పుట్టడానికి చాలాకాలం ముందే.

అమ్మభాష మారిన ఊరు

అలెగ్జాండర్ దండయాత్రల తర్వాత ఈజిప్టులోని అలెగ్జాండ్రియా మహానగరంగా ఎదిగింది. యూదులు అక్కడ పెద్ద సంఖ్యలో స్థిరపడ్డారు. ఒకటి రెండు తరాలు గడిచేసరికి ఇంట్లో, బజారులో గ్రీకే వాళ్ల మాటైంది. ధర్మశాస్త్రం మాత్రం హీబ్రూలో ఉండిపోయింది. పిల్లలకు అర్థం కాని గ్రంథాన్ని పిల్లలకు ఎలా అందించాలి? ఆ అవసరం నుంచే క్రీ.పూ. మూడో శతాబ్దంలో గ్రీకు అనువాదం మొదలైంది. రాజు రెండో టోలెమీ కోరిక మీద జెరూసలేం నుంచి 72 మంది పెద్దలు వచ్చి, ఫారోస్ దీవిలో 72 రోజుల్లో పని ముగించారని ‘అరిస్టియస్ లేఖ’ చెప్పే కథ. ఆ కథ వల్లే ఈ అనువాదానికి ‘డెబ్బై మందిది’ అనే అర్థంలో సెప్టువజింట్ అన్న పేరు స్థిరపడింది. మోషే ఐదు పుస్తకాలు ముందు వచ్చాయి. మిగతావి తర్వాతి తరాల్లో ఒక్కొక్కటిగా చేరాయి.

ఆ అనువాదకులు తేల్చుకోవలసిన సంగతుల్లో పేర్లు ముఖ్యమైనవి. హీబ్రూ పేర్లలో చాలావాటికి అర్థం ఉంటుంది. యెహోషువ అంటే ‘యెహోవాయే రక్షణ’, యోహానాను అంటే ‘యెహోవా కరుణించాడు’. అర్థాన్ని అనువదించాలా, శబ్దాన్ని మోసుకెళ్లాలా? దాదాపు అన్నిచోట్లా శబ్దాన్నే ఎంచుకున్నారు. ఒక్క హవ్వ దగ్గర మాత్రం వాళ్ల చేయి ఆగింది. ఆదికాండం మూడో అధ్యాయంలో ఆదాము భార్యకు ఆ పేరు పెట్టి, జీవులందరికీ ఆమె తల్లి కనుక అని కారణం చెబుతాడు. శబ్దం రాస్తే ఆ కారణం గ్రీకు పాఠకుడికి అందదు. అందుకని అక్కడ ఆమెను ‘జోఏ’ అన్నారు. జీవం అని అర్థం. నాలుగో అధ్యాయం మొదట్లోనే ఆమె మళ్లీ ‘ఎవా’ అయింది.

లేని అక్షరాలు, కావలసిన విభక్తి

గ్రీకులో ‘ష’ లేదు. అందుకే మోషే ‘మోయుసేస్’ అయ్యాడు, షెమూయేలు ‘సమూయేల్’ అయ్యాడు. గొంతు లోతు నుంచి పలికే హీబ్రూ అక్షరాలకు గ్రీకులో చోటు లేదు. దాంతో హన్నా ‘అన్నా’గా మారింది. సంసోను పేరులో మధ్యన ‘ప’ చేరి ‘సంప్సోన్’గా, ఎజ్రా పేరులో ‘ద’ చేరి ‘ఎస్ద్రాస్’గా మారాయి.

అన్నిటికంటే పెద్ద మార్పు పేరు చివర జరిగింది. మనం సంస్కృత ‘రామ’ శబ్దాన్ని తెలుగు వాక్యంలోకి తెచ్చుకోవాలంటే ‘రాముడు’ అంటాం. డు, ము, వు, లు చేరనిదే మాట వాక్యంలో ఇమడదు. గ్రీకుదీ అదే పద్ధతి. పురుషుడి పేరు కర్తగా నిలబడాలంటే చాలావరకు చివర ‘స్’ ఉండాలి. అందుకే యెహూదా ‘యూదాస్’, ఏలీయా ‘ఎలియాస్’ అయ్యారు.

ఇప్పుడు మన కథానాయకుడి పేరు చూడండి. యెహోషువ అనే పెద్ద పేరు బబులోను చెర తర్వాతి కాలంలో హీబ్రూలోనే కుదించుకుని ‘యేషూవ’ అయింది. ఎజ్రా, నెహెమ్యా గ్రంథాల్లో ఈ పొట్టిరూపమే కనిపిస్తుంది. గ్రీకులో ‘ష’ లేదు కనుక ‘స’ వచ్చింది. చివరి గొంతు ధ్వని పడిపోయింది. విభక్తి కోసం ‘స్’ చేరింది. వెరసి ‘ఇయేసూస్’. కర్మగా వస్తే ‘ఇయేసూన్’. పిలిస్తే ‘ఇయేసూ’. మన ‘యేసు’ ఆ పిలుపుకు ఎంత దగ్గరగా ఉందో చూడండి.

> బాక్స్: గ్రీకు దాచిపెట్టిన ధ్వనులు
>
> • హీబ్రూలో ‘అజ్జా’ అనే ఊరు గ్రీకులో ‘గాజా’ అయింది. ఆ మొదటి అక్షరం ఒకప్పుడు ‘గ’కు దగ్గరగా పలికేదని దీనివల్ల తెలుస్తోంది. అరబ్బీలో ఇప్పటికీ అది ‘ఘజ్జా’యే. ఇదే కారణంతో ఆదికాండంలోని రయూ గ్రీకులో ‘రగవ్’ అయ్యాడు.
>
> • క్రీ.శ. 132లో రోమ్‌పై తిరగబడిన నాయకుణ్ని అభిమానులు బర్ కోఖ్బా (నక్షత్ర పుత్రుడు) అన్నారు. తర్వాతి రబ్బీలు బర్ కోజీబా (అబద్ధాల కొడుకు) అన్నారు. అతడి అసలు పేరు ఎలా పలికేవారో తేల్చింది మృత సముద్రం దగ్గరి గుహలో దొరికిన గ్రీకు ఉత్తరం. అందులో ‘సీమోన్ ఖోసిబా’ అని అచ్చులతో సహా ఉంది.
>
> • యెహోషువ తండ్రి నూను గ్రీకు బైబిలులో ‘నౌఏ’గా మారాడు. గ్రీకు పెద్దక్షరాల్లో ‘న్’, ‘ఏ’ ఇంచుమించు ఒకేలా ఉండటంతో నకలు రాసినవారు పొరబడ్డారని పండితుల వివరణ.

మనవడు రాసిన ముందుమాట

జెరూసలేంలో యేషూవ బెన్ సీరా అనే పండితుడు ఉండేవాడు. క్రీ.పూ. రెండో శతాబ్దం తొలినాళ్లలో హీబ్రూలో ఓ నీతిగ్రంథం రాశాడు. ఆయన మనవడు క్రీ.పూ. 132 ప్రాంతంలో ఈజిప్టు చేరి, తాతగారి పుస్తకాన్ని గ్రీకులోకి మార్చాడు. ముందుమాటలో తన కష్టం చెప్పుకొన్నాడు. హీబ్రూలో చెప్పిన సంగతికి వేరే భాషలోకి వెళ్లాక అంతే బలం ఉండదని, ఎంత శ్రమపడినా ఎక్కడైనా తేలిపోతే మన్నించమని పాఠకులను కోరాడు. అనువాదం చేసిన ప్రతి ఒక్కరికీ తెలిసిన బాధ ఇది.

ఆ ముందుమాటలో అతడు తాతగారి పేరును ఎలా రాశాడు? ‘మా తాత ఇయేసూస్’ అని. బేత్లెహేములో యేసు పుట్టడానికి వందేళ్లకు పైగా ముందు, ఒక యూదు మనవడు తన సొంత తాతను ప్రేమగా, గర్వంగా ఆ పేరుతోనే పిలిచాడు. గ్రీకు బైబిలులో యెహోషువ గ్రంథం శీర్షిక కూడా ‘ఇయేసూస్’. ఇక జియస్ సంగతి. ఆ పేరుకు విభక్తి చేరితే ‘దియోస్’ అవుతుంది. దాని మూలం వేరు, అర్థం వేరు. తమ ధర్మశాస్త్రం కోసం ప్రాణాలిచ్చిన జనం మోషే వారసుడికి అన్యదేవుడి పేరు పెట్టుకుంటారని ఊహించడమే అన్యాయం.

బాబాతా తోలుసంచి

పండితుల సంగతి సరే, మామూలు మనుషులు ఈ రెండు భాషల మధ్య ఎలా బతికారు? 1961లో మృత సముద్రానికి పడమటి కొండల్లో, ‘ఉత్తరాల గుహ’లో యిగాయెల్ యాదిన్ బృందానికి ఓ తోలుసంచి దొరికింది. అందులో జాగ్రత్తగా మడిచి, కట్టలు కట్టి దాచిన 35 పత్రాలు. అవి బాబాతా అనే యూదు స్త్రీవి. షిమ్యోను కూతురు, మాహోజా గ్రామవాసి, ఖర్జూరపు తోటల యజమానురాలు.

ఆమె మొదటి భర్త పేరు యేషూవ. కొడుకు పేరూ యేషూవే. భర్త చనిపోయాక పెట్రా నగర మండలి ఆ పిల్లవాడికి ఇద్దరు సంరక్షకులను నియమించింది. ఒకరు యూదుడు, ఒకరు నబటీయుడు. పిల్లవాడి పోషణకు వాళ్లు నెలకు రెండు దీనారాలు ఇచ్చేవారు. తండ్రి ఆస్తికి ఆ మొత్తం ఏమాత్రం తగదని బాబాతా నిలదీసింది. రోమా గవర్నరు న్యాయస్థానానికి ఫిర్యాదు చేసింది. అది గ్రీకులో ఉండాలి. ఆమెకు చదువు రాదు. వేరొకరు ఆమె తరఫున రాసిపెట్టారు.

ఆ కాగితాల్లో షిమ్యోను ‘సీమోన్’ అయ్యాడు, ఆమె కన్నకొడుకు ‘ఇయేసూస్’ అయ్యాడు. పైన గ్రీకు వ్రాత, కింద సంబంధీకులు అరమాయిక్ లిపిలో చేసిన సంతకాలు. ఒకే ఆకు మీద ఒకే మనుషుల పేర్లు రెండు రూపాల్లో కనిపిస్తాయి. ఇందులో ఎవరి ఆధిపత్యం గురించీ ఆమెకు పట్టింపు లేదు. కొడుకుకు అన్నం పెట్టించే భాషలో కొడుకు పేరు రాయించింది. అంతే.

సంచిలోని ఆఖరి కాగితం క్రీ.శ. 132 ఆగస్టు నాటి రసీదు. మూడు నెలల పోషణకు ఆరు దీనారాలు ముట్టాయని ఉంది. అంటే ఇన్నేళ్ల పోరాటం తర్వాత కూడా నెలకు రెండు దీనారాలే. ఆ వెంటనే రోమ్‌పై బర్ కోఖ్బా తిరుగుబాటు మొదలైంది. బాబాతా కాగితాలతో సహా గుహలో తలదాచుకుంది. ఆ సంచిని మళ్లీ తీసుకోలేదు.

ఒక మనిషి, రెండు పేర్లు

అందరూ ధ్వని మార్పుతోనే ఆగలేదు. కొందరు తమ పేరుకు దగ్గరగా వినిపించే గ్రీకు పేరునే పెట్టుకున్నారు. క్రీ.పూ. 175లో ప్రధాన యాజకుడైన యేషూవ, గ్రీకు నాగరికత మోజులో ‘యాసోన్’ అయ్యాడని జోసెఫస్ రాశాడు. షిమ్యోనులకు ఆ ఇబ్బందే లేదు. ‘సీమోన్’ అనే అచ్చమైన గ్రీకు పేరు అప్పటికే ఉంది.

యొప్పేలో బీదలకు బట్టలు కుట్టిచ్చిన తబితకు గ్రీకులో దొర్కా అని పేరు. రెంటికీ లేడి అనే అర్థం. అపొస్తలుల కార్యాల్లో కనిపించే ఒక శిష్యుడికి ఏకంగా మూడు భాషల పేర్లున్నాయి. హీబ్రూలో యోసేపు, అరమాయిక్‌లో బర్సబ్బా, లాటిన్‌లో యూస్తు. బహుభాషల రేవుపట్నాల్లో, రోమా రహదారుల మీద తిరిగే మనుషులకు అది మామూలే.

ఈ వరుసలో అందరికీ తెలిసినవాడు తార్సు సౌలు. ఇతణ్నే పౌలు అనీ అంటారని లూకా రాశాడు. దమస్కు దారిలో సౌలుకు దర్శనమైన ఘట్టంలో లూకా చేసిన పని గమనించదగ్గది. కథ చెప్పేటప్పుడు అతడు గ్రీకు విభక్తితో ‘సౌలోస్’ అంటాడు. ఆకాశం నుంచి వచ్చిన స్వరం పిలిచేటప్పుడు మాత్రం ఏ తోకా లేకుండా ‘సవూల్’ అని అచ్చమైన ఇంటి పిలుపు రాస్తాడు. ఆ స్వరం హీబ్రూ భాషలో పలికిందని పౌలే తర్వాత రాజు అగ్రిప్పకు చెబుతాడు. మారిన రూపంతో కథ నడిపిన ఆ రచయితే అసలు రూపాన్నీ గుండెలో దాచుకున్నాడు.

పూర్వీకులకు ఒక రూపు, ఇరుగుపొరుగుకు ఒక రూపు

కొత్తనిబంధన రచయితలు మరో పద్ధతీ పాటించారు. పితరుడైన యాకోబును ‘యకోబ్’ అని ఉన్నదున్నట్టు రాశారు. యేసు తమ్ముడు యాకోబును, జెబెదయి కొడుకు యాకోబును మాత్రం విభక్తి చేర్చి ‘యకోబోస్’ అన్నారు. గ్రంథంలోని పూర్వీకుడి పేరును ముట్టుకోలేదు. తమ మధ్య తిరిగే మనిషి పేరును తమ వాడుకలోకి దించుకున్నారు.

జోసెఫస్ ఈ తేడా కూడా ఉంచలేదు. క్రీ.శ. 37లో జెరూసలేంలో యోసెఫ్ బెన్ మత్తిత్యాహుగా పుట్టి, రోములో ఫ్లేవియస్ జోసెఫస్‌గా స్థిరపడ్డవాడు ఆయన. తన చరిత్రలో అబ్రాహామును కూడా ‘అబ్రామోస్’ చేశాడు. గ్రీకు పాఠకుల చెవికి ఇంపుగా ఉండాలని పేర్లు మార్చాననీ, తమ దేశంలో అవి అలా ఉండవనీ మొదట్లోనే చెప్పేశాడు. చెప్పి మార్చడంలో ఆయన నిజాయతీ ఉంది.

ఊరినిండా సీమోనులే

ఆ కాలపు యూదు పురుషుల పేర్లలో సీమోనుది అగ్రస్థానం, యోసేపుది తర్వాతి స్థానం. స్త్రీలలో మరియ, సలోమే మరీ ఎక్కువ. గ్రీకు రాజులపై తిరగబడి దేశాన్ని నిలబెట్టిన మక్కబీ సోదరులు యోహాను, సీమోను, యూదా, ఎలియాజరు, యోనాతాను. ఆ వీరుల పేర్లు పిల్లలకు పెట్టుకోవడం ఆనవాయితీ అయింది. అందుకే కొత్తనిబంధనలో పేతురనే సీమోను, కురేనీయుడైన సీమోను, చర్మకారుడైన సీమోను, గారడీ సీమోను అంటూ గుర్తులు చెప్పాల్సి వచ్చింది.

యేషూవ కూడా అంతే సాధారణమైన పేరు. జోసెఫస్ గ్రంథాల్లో ఆ పేరుగలవాళ్లు డజనుకు పైగా కనిపిస్తారు. అనన్య కొడుకు యేసు అనే పల్లెటూరి మనిషి క్రీ.శ. 62 నుంచి జెరూసలేం వీధుల్లో నగరానికి శ్రమ అని అరుస్తూ తిరిగాడు. కొరడాలతో కొట్టినా ఆపలేదు. చివరికి ముట్టడిలో రోమన్లు విసిరిన రాయి తగిలి చనిపోయాడు. మత్తయి సువార్త పాత ప్రతులు కొన్నింటిలో బరబ్బ పేరు కూడా ‘యేసు బరబ్బ’ అని ఉంది. ఆ పేరు విన్న వెంటనే ఒక్కరే గుర్తుకు రావడం తర్వాతి చరిత్ర.

> బాక్స్: తెలుగు బైబిలులో జంట పేర్లు
>
> పాతనిబంధన హీబ్రూ నుంచి, కొత్తనిబంధన గ్రీకు నుంచి రావడంతో ఒకే పేరు తెలుగులో రెండు రూపాల్లో నిలిచింది.
>
> • యెహోషువ, యేషూవ – యేసు
> • మిర్యాము – మరియ
> • షిమ్యోను – సీమోను, సుమెయోను
> • యోహానాను – యోహాను
> • ఎలియాజరు – లాజరు
> • హన్నా – అన్న
> • మత్తిత్యా – మత్తయి

తెలుగు చేసిన మేలు

లండన్ మిషనరీ సొసైటీ పనివారు 1805లో విశాఖపట్నం చేరి సువార్తల అనువాదం మొదలుపెట్టారు. ఆనందరాయరు వంటి తెలుగువారు వారికి తోడు నిలిచారు. అప్పటి నుంచి తరాల కృషితో స్థిరపడిన తెలుగు బైబిలు పేర్లను చాలా చక్కగా నిలబెట్టింది. ఇంగ్లీషు పాఠకుడికి పితరుడు జేకబ్, అపొస్తలుడు జేమ్స్. ఇద్దరిదీ ఒకే పేరని అతడికి ఎవరైనా చెబితే గాని తెలియదు. మనకు ఇద్దరూ యాకోబులే. ఇంగ్లీషులో జూడా, జూడస్, జూడ్‌గా విడిపోయిన పేరు తెలుగులో యూదాగానే ఉంది. ఇంగ్లీషు పాత అనువాదం హెబ్రీ పత్రిక నాలుగో అధ్యాయంలో యెహోషువను ‘జీసస్’ అని రాసి పాఠకుణ్ని తికమక పెట్టింది. తెలుగులో అక్కడ స్పష్టంగా యెహోషువ అనే ఉంది.

అనువాదం దగ్గర ఆగితే పేర్లు పుస్తకంలోనే ఉండేవి. మన ఊళ్లు వాటిని ఇళ్లలోకి తెచ్చుకున్నాయి. మరియకు ‘అమ్మ’ చేర్చి మరియమ్మ, రూతుకు చేర్చి రూతమ్మ. యేసుకు ‘దాసు’, ‘రత్నం’ చేర్చి యేసుదాసు, యేసురత్నం. ఎస్తేరుకు రాణి తోడై ఎస్తేరు రాణి. గ్రీకులు తమ ‘స్’ చేర్చుకున్నంత సహజంగా మనవాళ్లు తమ ఆప్యాయతను చేర్చుకున్నారు.

ఏది అసలు పేరు?

యోహాను సువార్త ప్రకారం సిలువ మీది పలకను హీబ్రూ, లాటిన్, గ్రీకు మూడు భాషల్లో రాశారు. ఒకే మనిషి పేరు ఒకే పలక మీద మూడు రూపాల్లో ఉంది. దారిన పోయే ప్రతివాడూ తన భాషలో చదువుకున్నాడు. అందులో ఏదీ నకిలీ కాదు.

హీబ్రూ రూపం తెలుసుకోవడం మంచిదే. యేషూవ అనడంలో ఏ తప్పూ లేదు. దాని వెనక ఒక జాతి చరిత్ర, ఒక గొప్ప భాష, ఒక తల్లి పిలుపు ఉన్నాయి. పిల్లలకు ఆ సంగతి చెప్పాలి కూడా. అయితే ఆ జ్ఞానాన్ని కర్రగా పట్టుకుని, ‘యేసయ్యా’ అని కన్నీళ్లతో మోకరించే అవ్వను బెదిరించడం తప్పు. అలెగ్జాండ్రియా పండితులు, బెన్ సీరా మనవడు, మాహోజా బాబాతా అందరూ యూదులే. ఆ పేరును గ్రీకులో నిస్సంకోచంగా రాసింది వాళ్లే. వాళ్లకు లేని అభ్యంతరం మనకెందుకు?

ఈసారి మీ ఫోన్‌కు ‘అసలు పేరు’ వీడియో వస్తే ఇతరులకు పంపే ముందు ఒక్క నిమిషం ఆగండి. మీ ఇంట్లో పెద్దవాళ్లు ఎవరైనా దాన్ని చూసి కలత చెంది ఉంటే పక్కన కూర్చుని ఈ కథ చెప్పండి. వాళ్లు పిలిచిన పేరు సరైనదే.